కొత్వాలుచావడి: చెన్నపట్టణపు తెలుగు అంగడి

చెన్నపట్టణపు చరిత్రను వ్రాసినవారు సాధారణముగా కోటనుండి మొదలిడుదురు. తెలుగువారికి ఆ చరిత్ర అంగడినుండి మొదలు కావలెను. కోట కట్టినవారు ఆంగ్లేయులు. ఆ కోటకు సరకు సమకూర్చి, వెల కట్టి, ముందు సొమ్మిచ్చి నేతగాండ్రచేత బట్టలు నేయించి తెప్పించిన వర్తకులలో ప్రముఖులు తెలుగువారు. అట్టి అంగడి మూడువందల యేండ్లకు పైబడి ఎట్లు వర్ధిల్లినదో, తరువాత ఎట్లు సన్నగిల్లినదో, దానివలన మన భాషకు కలిగిన నష్టమెట్టిదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఆంగ్లేయుల కంపెనీ 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినది. పిమ్మట 1626లో నెల్లూరు సీమలోని దుగరాజపట్టణము చేరినది. అక్కడి వర్తకము చాలలేదు. ఫ్రాన్సిస్ డే దక్షిణముగా వచ్చి 1639లో దామెర్ల వేంకటప్పనాయకునివలన కొంత సముద్రతీరభూమిని పొందెను. నాయకుని తండ్రియైన చెన్నప్ప పేరిట ఊరు చెన్నపట్టణమైనది. ఆనాటి ఒప్పందములలో దుబాసియై మధ్యవర్తిత్వము నెరపిన బేరి తిమ్మన్న పేరు చరిత్రలో నిలిచినది. పట్టణపు గుడియని పేరొందిన చెన్నకేశవాలయముతోడను ఆయన పేరు ముడివడియున్నది. తిమ్మన్నకు సహచరుడై, పిమ్మట కంపెనీకి ప్రధానవర్తకుడైన కాశీ వీరన్న 1680లో మరణించెను. తీరమున కంపెనీ చేయు వర్తకములో పెద్దపాలు ఆయన చేతిమీదుగా నడచినది. ఇట్లు ఊరు పుట్టిననాడే తెలుగు అంగడియు పుట్టినది. మనము ఈ నగరమునకు అతిథులముగా వచ్చినవారము కామనుటకు ఇంతకంటె వేరొక సాక్ష్యము వలదు.

తొలినాటి నల్లవారి పట్టణము కోటగోడల కెదురుగానే యుండెను. 1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొనిరి. 1749లో అది మరల ఆంగ్లేయుల వశమైనది. కోటకు రక్షణగా ఎదుట బయలు ఉండవలెనని పాత ఇండ్లు పడగొట్టబడినవి. వానితో పాత దేవాలయమును పోయినది. ఆ స్థలమున నేడు 1892లో కట్టి ముగించిన ఉన్నత న్యాయస్థాన భవనమున్నది. గుడికి బదులుగా చెన్నకేశవ, చెన్నమల్లీశ్వరాలయములు జంటగా 1760ల నాటికి పూలబజారు దాపున వెలసినవి. జనులు పెద్దనాయకునిపేట, ముత్యాలపేట యని రెండు పేటలుగా సర్దుకొనిరి. ఈ రెండు పేటలకే తరువాత జార్జిటవునని పేరు వచ్చినది.

ఆ వీధుల పేర్లను ఒకమాటు చదివికొనిన చాలును. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్పనాయకుని వీధి, నైనియప్పనాయకుని వీధి, ఆదియప్పనాయకుని వీధి, దేవరాజ మొదలి వీధి. వర్తకుల పేర్లే వీధుల పేర్లైనవి. వీరిలో తెలుగువారును కలరు, తమిళులును కలరు. పేటకు మూలము మాత్రము వర్తకమే. కాలక్రమమున ఒక్కొక్క వీధికి ఒక్కొక్క సరకు స్థిరపడినది. గిడ్డంగి వీధిలో బట్టలు, ఆండర్సన్ వీధిలో కాగితము, నైనియప్పనాయకుని వీధిలో రసాయన ద్రవ్యములు, గోవిందప్పనాయకుని వీధిలో నూనెలు, పప్పులు మొదలగు కిరాణా సరకులు. కొనువాడు ఊరంతయు తిరుగ నక్కరలేదు. వీధి తెలిసిన చాలును. ఒకే సరకు అమ్మువారు పక్కపక్కనే యుండుటచేత ధర దాచుటకు వీలు లేకుండెను. ఒకనివద్ద సరకు లేకున్న పొరుగువాడు తెచ్చియిచ్చుచుండెను.

ఈ పేటల నడుమ కొత్వాలుచావడి యున్నది. కొత్వాలనగా నగరరక్షణాధికారి. అతని చావడి పేరు ఆ చోటికి నిలిచి, పిమ్మట అక్కడి సంతకే పేరైనది. చాలకాలము చెన్నపట్టణమంతటికిని కూరగాయలు, పండ్లు చేరు ప్రధానస్థానమిదియే. అంగడి స్థలము శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమునకు చెందినది. అమ్మవారి గుడియు అచ్చటనే యున్నది. మండీలవలన వచ్చు అద్దె దేవస్థానపు పూజలకు, విద్యాదానము మొదలగు ధర్మకార్యములకు ఆధారమైనది. బేరములో మిగిలినది బడికి చేరు ఈ ఏర్పాటును మన పెద్దలు ఎవరి ఆజ్ఞవలనను చేయలేదు. అమ్మకముపై కొంత మగమ తీసి దైవకార్యమునకు ఉంచుట వర్తకులలో పూర్వాచారము. మండీ అద్దెయు, మగమయు కలిసి గుడిని, సత్రమును, పాఠశాలను నడపినవి. అంగడి బాగుగ నున్నంతకాలము ఈ సంస్థలకు వేరొక చందాపుస్తకము అక్కరలేకుండెను.

ఇక భాష సంగతి. పాతకాలపు దుకాణదారుని ఇల్లు క్రింద అంగడిగను, వెనుకను మీదను సంసారముగను ఉండెడిది. పిల్లవాడు బడినుండి వచ్చి తండ్రిప్రక్కన గద్దెపై కూర్చుండెడివాడు. చిట్టా వ్రాయుట, ఆవర్జాలోనికి పద్దు ఎక్కించుట, అరువు ఖాతా చూచుట, ఇవన్నియు తెలుగున సాగెడివి. వీసము, పరక, పావు అను భిన్నములకు తెలుగు లెక్కలలో ప్రత్యేక చిహ్నములుండెను. శేరు, వీశె, మణుగు అను తూనికలు నాలుకపై నిలిచియుండెను. గుమాస్తా తమిళుడైనను లెక్క తెలుగున నేర్చెడివాడు. నెల్లూరునుండియో, కాళహస్తినుండియో సరకు కొరకు వచ్చినవాడు తన మాటతోనే బేరమాడి పోయెడివాడు. దుకాణదారుడు తమిళము ధారాళముగా మాటలాడెడివాడు, హిందుస్తానీ కొంత ఎరుగును, ఆంగ్లము నాలుగు మాటలు వచ్చును. అయినను ధనము లెక్కించునపుడు తెలుగుననే లెక్కించెడివాడు. ఇంటిభాష ఇంటిలోనే యున్నచో అది ఆత్మీయమైన భాష. అదియే లెక్కల భాషయు అయినపుడు అది అక్కరకు వచ్చు భాష. అక్కరకు వచ్చుదానిని పిల్లలకు నేర్పుమని ఎవ్వరును చెప్పనక్కరలేదు.

ఈ అంగడి ధనము నగర ప్రజాజీవనమునకు ఎట్లుపయోగపడినదో తెలుపుటకు రెండు మూడు దృష్టాంతములు చాలును. గాజుల లక్ష్మీనరసుశెట్టి (1806-1868) బట్టల వర్తకమున, నీలిమందు వర్తకమున గడించినవాడు. ఆయన 1844లో ‘క్రెసెంట్’ అను ఆంగ్లపత్రికను స్థాపించెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పి, శిస్తు వసూలులో రైతులను హింసించుచున్న విధమును బ్రిటిషు పార్లమెంటు దృష్టికి తెచ్చెను. ఆ ఆందోళన ఫలితముగా హింసలపై విచారణసంఘ మేర్పడి, 1855లో నివేదిక వెలువడినది. ప్రజల పక్షమున ధనము వెచ్చించి వెచ్చించి ఆయన తుదకు లేమిలో మరణించెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించిరి. ఆ తలనొప్పి మందు రాబడియే ఆంధ్రపత్రికకు ఊపిరి. 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలసి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికయైన ఆంధ్రపత్రికకు తంబుచెట్టి వీధియే చిరునామా. 1924లో ‘భారతి’ మాసపత్రిక వెలువడినది. డాక్టరు కె. ఎన్. కేసరిగారి ‘లోధ్ర’ ఔషధపు రాబడి ‘గృహలక్ష్మి’ పత్రికకును, వారి పేరిటి తెలుగు పాఠశాలకును తోడ్పడినది. నేడు తెలుగు సాహిత్యచరిత్రలో చదువుకొను పుటలు కొన్ని ఒకప్పుడు దుకాణపు గల్లాపెట్టెలోని నాణెములే.

అట్టి అంగడి ఏల సన్నగిల్లినది? ఒక్క కారణము చెప్పి ముగించుట సులభము గాని సత్యము కాదు. కారణములు ఒకదానివెంట ఒకటి వచ్చినవి.

మొదటిది రాష్ట్రవిభజనము. దీనిలో ఒక విధివైచిత్ర్యము కలదు. పొట్టి శ్రీరాములుగారు 1901లో జార్జిటవునులోని అణ్ణాపిళ్లై వీధిలో జన్మించిరి. మైలాపురమున బులుసు సాంబమూర్తిగారి యింట ఆమరణ నిరాహారదీక్ష సాగించి 1952 డిశంబరు 15న ప్రాణములర్పించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. రాజధాని కర్నూలుకు పోయినది. చెన్నపట్టణము మాత్రము మనకు కాకపోయినది. అంగడి వీధులలో పుట్టిన బిడ్డ త్యాగమువలననే తెలుగువారికి రాష్ట్రము వచ్చినది, ఆ అంగడి వీధులు ఆ రాష్ట్రమునకు వెలుపల మిగిలినవి. పూర్వము కచేరీ పనికి, చదువునకు, వ్యాజ్యమునకు ఆంధ్రజిల్లాలవారు చెన్నపట్టణము రాక తప్పదు. వచ్చినవారు అంగడి చూడక పోరు. రాజధాని పోయిన పిదప ఆ రాకపోకలు క్రమముగా తగ్గినవి. పుస్తకప్రకాశనము బెజవాడకు తరలినది, సినిమా పరిశ్రమ కొన్ని దశాబ్దములలో హైదరాబాదు చేరినది. పోయినది ప్రభుత్వము మాత్రమే కాదు, కొనువాడును పోయినాడు.

రెండవది ఇల్లు అంగడిని విడుచుట. 1920ల తరువాత త్యాగరాయనగరము మొదలగు క్రొత్త పేటలు వెలసినవి. అక్కడ గాలి, వెలుతురు, పెరడు కలవు. జార్జిటవున్ ఇండ్లలో పొడవే గాని వెడల్పు లేదు. కలిగినవారు ఒక్కొక్కరుగా సంసారమును మార్చి, అంగడిని మాత్రము పాతచోటనే యుంచిరి. పగలు వ్యాపారము, రాత్రి దూరపు నివాసము. వారు చేసినది తప్పు కాదు. పిల్లల ఆరోగ్యము చూచుకొనని తండ్రి యెవడు? అయినను నాటినుండి పిల్లవాడు గద్దెమీద కూర్చుండుట మానెను. తండ్రి లెక్కల భాష వాని చెవినపడుట మానినది. 1957లో నయాపైసలు వచ్చినవి. 1962 నాటికి కిలోగ్రాములు తప్పనిసరియైనవి. వీసము, వీశె అను మాటలు లెక్కనుండి తొలగి సామెతలలో మాత్రమే మిగిలినవి.

మూడవది అద్దెచట్టము. 1960లో వచ్చిన తమిళనాడు అద్దె నియంత్రణ శాసనము అద్దెకున్నవానిని అన్యాయముగా వెళ్లగొట్టకుండ కాపాడినది. అది చిన్న దుకాణదారునకు మేలు. కాని సరకుల ధరలు పెరిగినంతగా పాత అద్దెలు పెరుగలేదు. అద్దె చాలని యజమాని గోడ బాగుచేయడు. గోడ బాగులేని యింటిలో క్రొత్తవర్తకుడు చేరడు. దుకాణపు అద్దెలపై ఆధారపడిన ధర్మసంస్థలకు ఈ చట్టము రెండంచుల కత్తియైనది. 2017 నాటి క్రొత్త శాసనము 2019లో అమలునకు వచ్చి పాత చట్టమును తొలగించినది. అప్పటికే అనేక కట్టడములు బాగుచేయు స్థితి దాటిపోయినవి.

నాలుగవది, అన్నిటికంటె పెద్దది, 1996లో జరిగినది. లారీలు దూరలేని ఇరుకు వీధులు, కుళ్లిన కూరల గుట్టలు, నడువ వీలుకాని రద్దీ, ఇవి కొత్వాలుచావడికి నిత్యకృత్యమైనవి. ఆ సంతను మార్చవలెనని ప్రభుత్వము చాలకాలము తలపోసినది. నగరాభివృద్ధి సంస్థ సుమారు 10 కిలోమీటర్ల దూరమున కోయంబేడులో 295 ఎకరముల విశాలస్థలమున క్రొత్త సంతను కట్టించినది. 1996లో కూరగాయలు, పండ్లు, పూల టోకు వర్తకము అచ్చటికి తరలినది. నగరమునకు చెన్నై యని అధికారికముగా పేరు మార్చినదియు ఆ సంవత్సరమే.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ మార్పు అవసరమే. కూలివాని నడుము, కొనువాని సమయము, వీధి శుభ్రత, ఏది చూచినను క్రొత్త సంత మేలు. సమస్య వేరొకచోటనున్నది. సంతను తరలించిరి గాని, సంతచుట్టు అల్లుకొనిన జీవనమును తరలించుట ఎవరివలనను కాదు. మండీతోపాటు కూలి పోయినాడు. కూలితోపాటు టీకొట్టు పోయినది. కూరలకు వచ్చి పప్పులు కొనువాడు, పప్పులకు వచ్చి గిన్నెలు కొనువాడు, ఇట్లు ఒక బేరమునకు వేరొక బేరము తోడుగా నడచిన గొలుసు తెగినది. కొత్వాలుచావడిలో దుకాణములు నేటికిని కలవు. కిరాణా బేరము సాగుచునే యున్నది. కాని నగరమంతయు తెల్లవారుజామున వచ్చి చేరు చోటుగా అది మిగులలేదు. దేవస్థానమునకు సంబంధించినంతవరకు, నిత్యము నిండిన మండీ అద్దెకు, మిగిలిన దుకాణముల అద్దెకు గల భేదము చెప్పనక్కరలేదు.

తరువాతి కాలపు దెబ్బలు అన్ని నగరములకును సమానమైనవే. పెద్ద పెద్ద సరకుల భవనములు పేటపేటకు వెలసినవి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినవి. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినది. నోటిమాటపై, అరువు ఖాతాపై నడచు చిన్న దుకాణమునకు ఈ రెండును వెంటవెంట వచ్చిన కష్టములు. 2020లో మహమ్మారి వచ్చినపుడు ఇంటినుండి కదలక ఫోనుమీద సరకు తెప్పించుకొనుట అలవాటైనది. 2019లో భూగర్భ రైలు మన్నడికి, ఉన్నత న్యాయస్థానము ముంగిటికి వచ్చినది. అది జనులను మరల పేటకు తీసికొనివచ్చుచున్నది. అయినను వచ్చినవారిని తెలుగున పలుకరించు దుకాణము వెదుకవలసి వచ్చుచున్నది.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయవలెను. మన దుకాణములు చేతులు మారినచోట మార్వాడీలో, గుజరాతీలో, దక్షిణ తమిళజిల్లాలనుండి వచ్చిన వర్తకులో చేరిరి. షావుకారుపేట యంతయు అట్లే మారినది. కొందరు దీనిని ఆక్రమణమని నిష్ఠురముగా పలుకుదురు. అది తగదు. 1640లలో మన పూర్వులును ఇట్లే మూట కట్టుకొని వచ్చిరి. వారు చేసినట్లే క్రొత్తవారును క్రింద అంగడి, మీద ఇల్లుగా కాపురముండి, పిల్లలను గద్దెమీద కూర్చుండబెట్టి, తమ భాషలో లెక్కలు వ్రాసికొనిరి. మనము విడిచిన పద్ధతిని వారు పట్టుకొనిరి. మన సంతానము వైద్యులై, ఇంజనీర్లై, విదేశములకు పోయి సుఖముగనే యున్నారు. దుకాణము మూతపడుట ప్రతి కుటుంబమునకు ఓటమి కాదు. అనేక కుటుంబములలో అది తండ్రి కోరిక ఫలించిన గుర్తు. అందుచేతనే మనము నష్టమును వెంటనే గుర్తింపలేకపోతిమి. కుటుంబము గెలిచినది, పేట ఓడినది.

ఈ కథ చెన్నపట్టణమునకే పరిమితము కాదు. బెంగుళూరు పాతపేటనుండి ధాన్యపు టోకు వర్తకము యశవంతపురమునకు పోయినది. బొంబాయి మసీదుబందరు ప్రాంతపు టోకు సంతలు 1980లు, 1990లలో వాషికి తరలినవి. ఈ నగరములన్నిటను తెలుగువారు తరతరములుగా నున్నారు. మీ ఊరి పాతబజారును తలచుకొనిన, వీధుల పేర్లు మారును గాని వరుస ఇంచుమించుగా ఇదియే కనబడును.

అంగడి పోయిన పిదప భాషకు మిగిలిన ఆశ్రయములు ఇల్లు, బడి. తమిళనాట 2006 నాటి శాసనము వలన బడులలో తమిళము తప్పనిసరి భాషయైనది. రాష్ట్రభాషను నేర్చుట మన పిల్లలకు అవసరమే, మన పూర్వులును నేర్చిరి. కాని వారికి తెలుగునకు అంగడి యను మూడవ ఆశ్రయముండెను. ఇప్పుడది లేదు. ఇంటిలో మాటలాడు పిల్లలు కలరు గాని అక్షరము చదువువారు అరుదైనారు. సమాజములు పండుగలు జరుపుట, నాటకములు వేయుట మంచిదే. పండుగ ఏడాదికొకమారు వచ్చును. అంగడి ప్రతిదినము తెరచెడిది. దినమునకొకమారైనను తెలుగు అక్కరకు వచ్చు పని కల్పింపలేనిచో పండుగ తెలుగు అలంకారముగనే మిగులును.

దుకాణములను మరల తెరువుమని ఎవరికిని చెప్పలేము. చేయగలిగిన పని యొకటి మాత్రము కలదు, దానికి ఆలస్యము పనికిరాదు. మన యిండ్లలో అటకలమీద, పాత పెట్టెలలో తాతలనాటి చిట్టాలు, ఆవర్జాలు, అద్దెపత్రములు, దానపత్రములు నేటికిని కలవు. తెలుగు చదువరాని మనుమలకు అవి చెదపట్టిన కాగితములు. ఇల్లు అమ్మునాడో, మార్చునాడో తూకమునకు అమ్ముడుపోవును. కంపెనీవారి లెక్కలు దఫ్తరఖానాలలో భద్రముగా నుండుటచేత వారి వర్తకచరిత్ర వ్రాయబడినది. మన లెక్కలు మన యిండ్లలోనే యుండుటచేత మన చరిత్ర వ్రాయబడలేదు. ఏ యేట వరి ధర ఎంత, ఏ కరవులో ఎవరికి అరువిచ్చిరి, ఏ గుడికి ఎంత మగమ వ్రాసిరి, ఏ కులమువాడు ఏ వాడనుండి వచ్చి కొనెను, ఇవన్నియు ఆ పద్దులలో నున్నవి.

కావున ప్రతి ఊరి తెలుగు సమాజమును ఈ పని చేపట్టవలెను. సభ్యుల యిండ్లలోని పాత లెక్కల పుస్తకములను సేకరించి, ఛాయాచిత్రములు తీయించి, మూలములను యజమానులకు తిరిగి యిచ్చి, ప్రతిని ఒకచోట భద్రపరుపవలెను. తెలుగు లెక్కల గురుతులు తెలిసిన వృద్ధులు ఉండగనే వారి ప్రక్కన ఒక్క మనుమనినైనను, మనుమరాలినైనను కూర్చుండబెట్టి ఆ పద్దులు చదివింపవలెను. ఒకనాడు అంగడి గద్దెమీద జరిగిన పని అదియే. గద్దె లేకపోయినను పుస్తకము ఇంకను ఉన్నది. ఈ సంచిక చేతికందిన వారములోనే మీ యింటి అటక ఒకమారు చూడుడని పాఠకులకు నా మనవి.